చివరి గడిలో ‘పోయొస్తా’

మొన్న సోమవారం ఆఫీసులో ఒక కొత్త టూలును పరీక్షిస్తున్నాను. సాఫ్ట్‌వేరు రాసేముందు దాని నడక ఎలా ఉండాలో గడులూ బాణాలూ గీసి చూసుకుంటాం కదా, ఆ ఫ్లోచార్టులు గీసే టూలు. చూడడానికి బాగానే ఉంది. లెక్కలేనన్ని రంగులు, ప్రతి రంగుకూ ఒక ముద్దుపేరు. గీసిన బొమ్మను దాచి మూయబోతే తెర మధ్యలో చిన్న కిటికీ ఒకటి లేచి ఇంగ్లిషులో అడిగింది: నిజంగానే వెళ్ళిపోతున్నారా? కింద రెండు బొత్తాములు. అవును, కాదు.

నాకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే కళ్ళు తడిశాయి. వెళ్ళిపోతున్నారా అని మనిషిని మొహం మీదే అడిగే ఈ పెట్టెను మామ చూసి ఉంటే ఏం చేసేవాడో నాకు తెలుసు. కుర్చీ వెనక్కు జరిపి, కళ్ళజోడు తీసి, “దీన్ని కన్నోళ్లు యెవురో గాని మర్యాద నేర్పించలే,” అనేవాడు. అంతటితో మా ఆఫీసులో ఆ టూలుకు నూకలు చెల్లేవి.

మామ పోయి ఏడాది కావస్తోంది. ‘పోయి’ అని రాశాను గాని, ఆయన పక్కన ఉంటే ఈ మాటను కొట్టేయించి ఉండేవాడు.

ఆయన నాకు సొంత మామ కాడు. తమిళనాడులోని ధర్మపురి బస్టాండుకు దగ్గర్లో ఒక మిఠాయి అంగడి ఉంది. దాని పైన రెండు గదులు, ఆ గదుల్లో మా కంపెనీ. కంపెనీ అంటే మా ముదలాళి, అంటే యజమాని అయిన తమిళ కుర్రవాడు, మామ, నేను, నిలకడలేని ఒక వైఫై. నేను చేరిన రోజు అందరూ తమిళంలోనే పలకరించుకున్నాం. మధ్యాహ్నం మా అమ్మ ఫోన్ చేస్తే కిటికీ దగ్గరికి వెళ్ళి తెలుగులో మాట్లాడాను. ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడు.

“మనోళ్లేనా! యా ఊరు మీది?”

“పుట్టిల్లు తొప్పూరు సార్. నన్నిచ్చింది పిక్కిలికి.”

“పిక్కిలా? ఇంటిపేరేమి?”

చెప్పాను. ఆయన కళ్ళు మూసుకొని వేళ్ళు మడుస్తూ పెదాలు కదిలించాడు. ఎవరి అవ్వను ఎవరికిచ్చారో, ఎవరి తాత ఏ ఊరికి ఇల్లరికం పోయాడో అంతా అక్కడ నడిచినట్టుంది. చివరికి కళ్ళు తెరిచి, “అట్లయితే నువ్వు నాకు కోడలు వరస. ఇంక సార్ గీర్ అనొద్దు, మామా అను,” అని తీర్పు చెప్పేశాడు. అరవ ఊళ్ళో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మావైపు పని ఇలాగే మొదలవుతుంది. ముందు వరస తేలాలి. తేలకపోతే తేల్చుకోవాలి. చాలా రోజుల తర్వాత ఒకసారి, “నిజంగా మనకు చుట్టరికం ఉండాదా మామా?” అని అడిగాను. “ఉండాది. ఆ పొద్దు నేను పెట్టినా కదా,” అన్నాడు తడుముకోకుండా.

అంతకుముందు ఆయన పాపిరెడ్డిపట్టిలో టైపు నేర్పేవాడట, కాదు కంప్యూటరు క్లాసులు చెప్పేవాడట, కాదు రెండూ ఒకే గదిలో జరిగేవట. చెప్పిన ప్రతిసారీ ఆ కథ మారేది కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. మా దగ్గర ఆయన పని ఒకటే. సాఫ్ట్‌వేరు కావాలన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళు పని ఎలా చేసుకుంటున్నారో చూసి, ఫ్లోచార్టు గీయడం. దాన్ని చూసి నేను ప్రోగ్రాం రాయాలి.

ఆయన చొక్కా జేబులో ఆకుపచ్చ ప్లాస్టిక్ అచ్చు ఒకటి ఎప్పుడూ ఉండేది. ఫ్లోచార్టు ఆకారాలన్నీ అందులో కంతలుగా ఉంటాయి, పెన్సిలు దూర్చి తిప్పితే చాలు. దానితోనే ఆయన విసురుకునేవాడు, వీపు గోక్కునేవాడు, మిఠాయి డబ్బాకు కట్టిన దారం తెంపేవాడు. ఆ ఆకారాలకు పుస్తకాల్లో ఉన్న పేర్లు ఆయనకు నచ్చలేదు. కింద అంగడి నుంచి రోజంతా నెయ్యి వాసన వస్తుంటే మనిషి మాత్రం ఏం చేస్తాడు? మొదలుకూ చివరకూ వేసే కోలగడి ఆయనకు జామూను. పని చెప్పే గడి మైసూర్‌పాకు. ప్రశ్న అడిగి దారి చీల్చే వజ్రాకారపు గడి కాజూకత్లీ. “ఈ మైసూర్‌పాకు తర్వాత ఒక కాజూకత్లీ పెట్టల్ల మామా, లేకుంటే దారి తెలీదు,” అని నేను ఫోనులో చెబుతుంటే మా ఆయన, ఇది ఏం ఉద్యోగమో అర్థంకాక, ఒకటి రెండుసార్లు అనుమానంగా చూశాడు.

గడుల్లో ఆయన రాసేది తెలుగు, అక్షరాలు మాత్రం అరవం. మా ఇళ్ళలో చాలామందిలాగే ఆయనకు తెలుగు నోటికి వచ్చుగాని కంటికి రాదు. అప్పుడు నాకూ రాదు. ఈ అక్షరాలు నా కూతురికి నేర్పాలని తర్వాత నేను కూడబలుక్కొని నేర్చుకున్నవి. దీనివల్ల అందరికంటే ఎక్కువ యాతన పడింది మా ముదలాళి. చార్టు చేతికి తీసుకొని గడగడా పైకి చదివేవాడు, చదివాక తల పట్టుకునేవాడు. “అన్నీ మా అక్షరాలే. ఒక్క ముక్క అర్థం కావడం లేదు,” అని తమిళంలో మొత్తుకునేవాడు. మామ మాత్రం, “బిడ్డ చక్కగా చదువుతాడు,” అని మెచ్చుకునేవాడు.

ఆయన చార్టుల్లో రెండు మాటలు ఎక్కడా కనపడవు. ఒకటి ‘లేదు’, రెండోది ‘ముగిసింది’. కాజూకత్లీ నుంచి రెండు బాణాలు రావాలి కదా, ఒకటి ఉందని, ఇంకోటి లేదని. ఆయన చార్టులో రెండో బాణం మీద ‘రేపు రాండి’ అనో, ‘ఇంకో తూరి చూద్దాం’ అనో ఉండేది. ఇక చివరి జామూనులో ప్రపంచమంతా ముగిసిందని రాస్తే ఆయన ‘పోయొస్తా’ అని రాసేవాడు. అక్కడితో ఆగక ఆ జామూను నుంచి మళ్ళీ మొదటి జామూనుకు ఒక బాణం గీసేవాడు. ఆ మొదటి జామూనులో ‘రాండి’ అని ఉండేది.

“బాణం ఎందుకు మామా?” అని అడిగాను మొదట్లో.

“పోయొస్తా అని చెప్పినోడు రావద్దా? దీపం ఆర్పెయ్ అంటామా మనము? కొండెక్కించు అంటాము. బియ్యం అయిపోయినాయి అంటామా? నిండుకున్నాయి అంటాము. ఇంట్లోంచి పోయేటోడు పోతా అంటే మా యమ్మ మళ్ళా వెనక్కి పిలిచి, నీళ్లు తాపించి, పోయొస్తా అని చెప్పించి పంపేది. మనుషులకి ఇంత ఉంటే కంప్యూటరు మాత్రం చెడ్డమాట యెందుకు మాట్లాడాల?”

సరే మామా అన్నాను. అని, ప్రోగ్రాం రాసేటప్పుడు చివరి బాణాన్ని చూసీచూడనట్టు వదిలేసేదాన్ని. పని జరిగిపోయేది.

చార్టు కాగితం మీద అయిందంటే పని అయిందని కాదు. మిద్దె మీద నడవాలి. అదీ ఆయన పద్ధతి. అంగడి మిద్దె మీద సుద్దముక్కతో చార్టు మొత్తాన్ని మనిషి పట్టేంత గడులతో గీసి, “ఈ పొద్దు నువ్వు కస్టమరు, నడువు,” అనేవాడు. గడి గడికీ ఆగాలి. ప్రశ్న వస్తే జవాబు చెప్పి సరైన బాణం పట్టుకొని పోవాలి. ఒకసారి ఒక దవాఖానా పనికి మా ముదలాళి రోగిగా నడిచాడు. ‘ఫోను నెంబరు చెప్పండి’ అనే గడి దగ్గర, తనకు ఫోను లేదన్నాడు. బాణం ఆయన్ను తిప్పి మళ్ళీ అదే గడికి తెచ్చింది. మళ్ళీ అన్నాడు, మళ్ళీ వచ్చాడు. మండుటెండలో చెప్పుల్లేకుండా అలా తిరుగుతూ ఉండగా మామ నీడలో కూర్చొని, “చూసినావా? ఫోను లేనోడు ఎండలోనే ఉండిపోతాడు. దారి పెట్టల్ల,” అని అచ్చుతో విసురుకున్నాడు. చివరి జామూను చేరినవాళ్ళు మెట్ల దగ్గరికి పోయి, పైకి వినపడేలా పోయొస్తా అని చెప్పి, ఒక మెట్టు దిగి మళ్ళీ ఎక్కి రావాలి. ఎదుటి లాడ్జి వరండాల్లోంచి జనం చూసేవాళ్ళు. ఎవరో పెద్దాయన కేక వేసి, ఏంటి, వాస్తు చూస్తున్నారా అని అడిగితే మామ అవునన్నాడు.

ఒక రోజు నేను ప్రోగ్రాం మొదలుపెట్టకముందే వాన వచ్చి మిద్దె మీది చార్టు కాలవలో కలిసిపోయింది. కాగితం ఏదంటే దానిమీద ఎవరో బూందీ పెట్టుకొని తిన్నారు. ఆ ఎవరో మామే. ఇక ఊరుకునేది లేదు, కంప్యూటరులో గీసే టూలు కావలసిందేనని ముదలాళి పట్టుబట్టాడు. మామ దిగులుపడలేదు. అల్లుణ్ణి ఎంచే పిల్ల తండ్రిలా కాలు మీద కాలేసుకొని కూర్చొని, కింది నుంచి కారాబూందీ తెప్పించుకొని, “ఒకొక్కర్నే రానీ,” అన్నాడు.

మొదటి టూలు పెద్ద ఇంటిది. తెరిచేసరికి నా లాప్‌టాప్ పిండిమరలా హోరెత్తింది. “అంత పెద్ద ఇంట్లో మన పిల్ల వేగలేదు,” అన్నాడు. రెండోది ఇంటర్నెట్టులో నడిచేది, చూడ ముచ్చటైనది. సగం గీశామో లేదో కరెంటు పోయింది, దానితో వైఫై పోయింది, వైఫైతో బొమ్మ పోయింది. “కష్టం రాంగానే మొగం చాటేస్తాడు. వద్దు.” మూడోది తెలివైనది. మనం గడి ఒకచోట పెడితే అది తనకు తోచిన చోటికి జరిపి వరస చేస్తుంది. మామ ఒక కాజూకత్లీని మూడుసార్లు ఎడమకు లాగాడు, అది మూడుసార్లూ కుడికి పోయింది. “అత్తగారింటికి వచ్చిన పొద్దే సామాన్లు సర్దుతాడే వీడు!” అని కళ్ళెర్రజేశాడు.

నాలుగోది ఊరికే దొరికేది, నలుపూ తెలుపూ. గడిని జరిపితే దానికి అతుక్కున్న బాణం వెంటే వచ్చింది. మామ ముందుకు వంగాడు. “గీసింది తప్పయితే వెనక్కి పోనిస్తాడా?” అన్నాడు. పోనిస్తుందన్నాను. “ఎంత దూరం?” వెనక్కి పోయే మీటను నొక్కుతూ పోయాను. ఒక్కో గడీ మాయమై, చివరికి పేజీ తెల్లగా మిగిలింది. “తప్పు ఒప్పుకునే గుణం ఉండాది. ఇదే సంబంధం ఖాయం,” అని లేచి చేతులు దులుపుకున్నాడు. మర్నాడు ఆ టూలులో గీసిన చార్టును ప్రింటు తీయించి, సుద్దముక్క పట్టుకొని మిద్దె ఎక్కాడు.

ఇలా నవ్వుకుంటూ పోతున్న మా బతుకులోకి కల్యాణ మండపం వచ్చింది. సేలం రోడ్డులో ఉంది అది. దాని యజమానురాలు ఒక పెద్దామె, ఎప్పుడో స్థిరపడ్డ తెలుగు వర్తకుల ఇల్లు. మండపం తేదీలన్నీ నోటితోనే నడిపేది. కొడుకులు పోరి పోరి కంప్యూటరుకు ఒప్పించారు. ఆ రోజు ముదలాళి మమ్మల్ని కూర్చోబెట్టి, “ఇది నిలబడితే చుట్టుపక్కల మండపాలన్నీ మన దగ్గరికే వస్తాయి. నిలబడకపోతే ఈ ఆడిమాసంలో, అదే ఆషాఢంలో, తాళం వేసేస్తాను. మీరు బెంగళూరులో చూసుకోండి,” అన్నాడు.

బెంగళూరు నాకు కుదరదు. మా ఆయనది పిక్కిలిలో టమాటా సాగు. తోటను బెంగళూరుకు తీసుకుపోలేం. నేనొక్కదాన్నే హాస్టలులో ఉండి ఆదివారం ఆదివారం రావాలి. నా కూతురు అప్పుడప్పుడే గోడ పట్టుకొని నడుస్తోంది. ఇంటికి వచ్చాక అది నా చెవికమ్మ పట్టుకొని అలాగే నిద్రపోయింది. ఆ వేళ్ళు విడిపించుకోవడం నాకు చేతకాలేదు.

మామా నేనూ ఒక పూటంతా మండపం ఆఫీసు గదిలో ఒక మూల కూర్చొని పెద్దామె పని చేసే తీరు చూశాం. ఒక కుటుంబం వచ్చి తై నెలలో, అంటే సంక్రాంతితో మొదలయ్యే నెలలో, ఒక తేదీ అడిగింది. ఆ తేదీ ఎప్పుడో వేరేవాళ్ళకు ఖాయమైంది. ఆమె ఆ సంగతి చెప్పలేదు. “ఆ దినమా? బిడ్డది ఏ నక్షత్రము? ముందు కాఫీ తాగండి,” అంది. కాఫీ వచ్చేలోగా పిల్ల చదువు, పిల్లవాడి ఉద్యోగం, వంటవాళ్ళెవరు అన్నీ అడిగింది. కాఫీ అయ్యేసరికి గోడమీది క్యాలెండరు చూస్తూ, “దాని ముందర బుధవారం ఉండాది. అది ఇంకా మేలు గదా, చుట్టాలకి బస్సులు కాళీగా ఉంటాయి,” అంది. వాళ్ళు ఆ బుధవారాన్నే తాము వెతుక్కుంటూ వచ్చినట్టు సంతోషంగా ఖాయం చేసుకొని పోయారు.

మామ నా మోచెయ్యి గిల్లాడు. “చూసినావా కోడలా? ఒక్క తూరి లేదనలే!” అని ఆనందం పట్టలేక అక్కడే కాగితం తీశాడు. కాజూకత్లీ వేసి ‘ఆ దినం కాళీగా ఉండాదా?’ అని రాశాడు. ఒక బాణం మీద ‘ఉండాది’. ఇంకో బాణం మీద ‘కాఫీ’.

సాఫ్ట్‌వేరులో కాఫీ ఏమిటని ముదలాళి మండిపడ్డాడు. ఆయన మాటే నెగ్గింది. తేదీ దొరకకపోతే తెరమీద ఎర్ర అక్షరాలతో ఖాళీ లేదు అని పడేటట్టు చేసి తీసుకుపోయాం. ఆ రోజు పెద్దామె తమ్ముడు పాపిరెడ్డిపట్టి నుంచి వచ్చి ఉన్నాడు, కొడుకు పెళ్ళికి మండపం కావాలని. మొదటి బుకింగు ఆయనదే చేద్దామని కూర్చున్నాం. ఆయన తేదీ చెప్పాడు. ఎర్ర అక్షరాలు పడ్డాయి. 

“కల్యాణం కార్యం అని వచ్చినోళ్ల మొగాన ఎర్రగా లేదంటుందా ఈ పెట్టె?” అంది పెద్దామె. కేక వేయలేదు. లేచి నిలబడింది. “సరి. మీరు పోయి రాండి.”

మెట్లు దిగుతూ ముదలాళి మొహం వేలాడేశాడు. నాకు బస్సులు కనపడుతున్నాయి, బెంగళూరు బోర్డులతో. మామ ఒక్కడే ఉత్సాహంగా ఉన్నాడు. “పోండి అనిందా ఆ యమ్మ? రాండి అనింది కదా! పిలుపు ఉండాది. వచ్చే వారం వస్తాము,” అన్నాడు. గెంటివేతను పిలుపుగా తీసుకోగలిగిన మనిషిని నేను ఆయన్నొక్కడినే చూశాను.

ఈసారి చార్టు మామది గీసింది గీసినట్టే ప్రోగ్రాం రాశాను. ఒక్క బాణం కూడా వదలకూడదని ఒట్టు పెట్టుకున్నాను. తేదీ దొరకకపోతే తెరమీద కాఫీ లోటా బొమ్మ వస్తుంది, దాని కింద దగ్గరి మంచిరోజులు మూడు కనపడతాయి. ఖాయం కాగానే పెళ్ళివారి ఫోనుకు శుభం పలుకుతూ ఒక మెసేజి పోతుంది. ఆ తర్వాత జామూను, పోయొస్తా, అక్కడినుంచి రాండికి బాణం. మిద్దె మీద నడిచి కూడా చూశాం. అంతా సరిగ్గానే ఉంది.

వారం తర్వాత అదే గది, అదే పెద్దామె, అదే తమ్ముడు. ఆయన తేదీ చెప్పగానే కాఫీ లోటా వచ్చింది. పెద్దామె పెదవి కొస కొంచెం కదిలింది. తెర చూపిన మూడింట్లో ఒకటి ఆయన ఎంచుకున్నాడు. ఖాయం నొక్కాను. ఆయన ఫోను మోగింది. మెసేజి వస్తే కోడి కూసేలా పెట్టుకున్నాడు ఆయన.

“కొక్కొరోకో!” ముహూర్తం ఖాయమైందని, శుభం కలగాలని చదువుకొని ఆయన మురిసిపోయాడు. ఫోను జేబులో పెట్టుకునేలోగా మళ్ళీ కూసింది. మళ్ళీ అదే శుభం. తీసి చూస్తుండగా ఇంకోసారి. ఆపైన కోడికి ఊపిరి తీసుకునే తీరిక కూడా లేకపోయింది.

ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. మిద్దె మీద నేను మెట్టు దిగి మళ్ళీ ఎక్కిన ప్రతిసారీ మామ నన్ను కొత్త కస్టమరుగా లెక్కపెట్టేవాడు. కంప్యూటరుకు ఆ లోకజ్ఞానం ఎక్కడిది? దిగినవాడే అదే తేదీ, అదే ఫోను నెంబరు పట్టుకొని ఎక్కాడనుకుంది. ఆ తేదీ ఆయన పేరుమీదే ఉంది కాబట్టి మళ్ళీ ఖాయం చేసింది, మళ్ళీ శుభం పలికింది.

“అక్కా, ఈ కూత నిలబడదా?” అని తమ్ముడు ఫోనును చెయ్యి చాపి దూరంగా పట్టుకున్నాడు. నేను బల్ల కిందికి దూరి ప్లగ్గు పీకేశాను. కోడి ఆగింది. బల్ల కిందినుంచి లేవడానికి నాకు మనసు రాలేదు. నా కూతురి వేళ్ళు చెవి దగ్గర తగులుతున్నట్టే ఉంది.

“యెవురు చేసిన పని ఇది?” అంది పెద్దామె.

“నాది అక్కా,” అన్నాడు మామ, లేచి నిలబడి. “పిల్ల నేను గీసినట్లే చేసింది. ఆఖరి గడిలో పోయొస్తా అని రాసినాను. పోయొస్తానన్నోడు రావల్ల కదా అని బాణం పెట్టినాను.”

“అందరూ ముగిసింది అని రాస్తారంట గదా. నా కొడుకులు చెప్పినారు.”

“కల్యాణ మండపం కార్యంలో ముగిసింది అని ఎట్ల రాసేది? చెయ్యి రాలేదక్కా.”

పెద్దామె ఆయన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ తర్వాత నవ్వింది. ముందు చిన్నగా, తర్వాత భుజాలు కదిలేలా. “సరి, నువ్వు చెప్పేది న్యాయమే. అయితే పోయొస్తానని చెప్పినోడు వాకిలి దాటక ముందరే మళ్ళా వచ్చి కూర్చుంటే వానికి నేను కాఫీ కూడా పొయ్యను. పిలిస్తే కదా రావాల?”

మామ వెంటనే జేబులోంచి అచ్చు తీసి, చార్టును బల్లమీద పరిచి, జామూనుకూ బాణానికీ మధ్య ఒక కాజూకత్లీ గీశాడు. అందులో ‘పిలిచినారా?’ అని రాశాడు. ‘పిలిచినారు’ అన్న బాణం రాండికి పోయింది. ఇంకోటి, లేదు అని రాయడు కదా, ‘కాచుకో’ అని తిరిగి తనలోకే వచ్చింది. అంటే కొత్తవాళ్ళ కోసం ఎవరో ఒకరు మీట నొక్కేదాకా ప్రోగ్రాం ఊరికే నిలబడి ఉండాలి. నేను ప్లగ్గు పెట్టి, అక్కడే మార్చి, ఖాయం నొక్కాను.

కోడి ఒకసారి కూసింది. ముదలాళి, మామ, పెద్దామె, తమ్ముడు, నేను, అందరం ఆ ఫోను మీదికి వంగాం. అది మళ్ళీ కూయలేదు.

“వీళ్లకి కాఫీ తీసుకోని రాండి,” అని పెద్దామె లోపలికి కేక వేసింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ ఇంట్లో కాఫీ అంటే ఏమిటో నేను ఒక పూటంతా కూర్చొని చూశాను కదా! మామ నావైపు వంగి, “భయపడొద్దు, ఈ కాఫీ ఆ కాఫీ కాదు,” అని గుసగుసలాడాడు. కాదు నిజంగానే. తై నెల నుంచి పెట్టెతోనే నడిపిస్తామంది ఆమె. ఆ లోటా బొమ్మ ఇప్పటికీ మా సాఫ్ట్‌వేరులో ఉంది. ఆ వెనక ఇంకొన్ని మండపాలు వచ్చాయి. ఆఫీసుకు తాళం పడలేదు. నేను రోజూ పిక్కిలి నుంచి బస్సులో వచ్చి పోతున్నాను. నా కూతురు నా చెవికమ్మ కాకుండా ఇప్పుడు నా ఫోను పట్టుకొని నిద్రపోతోంది. ఇదంతా ఒక మొండి మనిషి ఒక మాట రాయనన్నందువల్ల నాకు మిగిలిందని తలచుకుంటే ఇప్పటికీ ఆయన మీద ప్రేమ పొంగుతుంది.

కిందటి ఏడు ఆయనకు ఒంట్లో బాగోలేక ఆఫీసుకు రావడం మానేశాడు. చూడడానికి ఇంటికి వెళ్ళాను. మంచం మీద ఆనుకొని కూర్చొని, జేబులో అచ్చు పెట్టుకొనే ఉన్నాడు. నా ఫోనులో కొత్త చార్టు చూపిస్తే ఒక్కో గడినీ వేలితో తాకి, “ఈడ దారి మూసుకోని పోయింది చూడు. మిద్దె మీద నడిచినారా, లేదా?” అని గదమాయించాడు. తనే ‘లేదా’ అన్నందుకు నాలుక కరుచుకున్నాడు కూడా. లేచి, “పోయొస్తా మామా,” అన్నాను.

“పిలిచినంక రావల్ల. గుర్తుండాదా?” అన్నాడు కన్ను గీటుతూ.

రెండు వారాలు కాకుండానే ఆయన సొంత కోడలు ఫోన్ చేసి పిలిచింది. వెళ్ళాను. ఆయనకు కొత్త చొక్కా తొడిగి పడుకోబెట్టారు. ఆ చొక్కా జేబు ఖాళీగా ఉంది. ఎంత వద్దనుకున్నా నా కళ్ళు ఆ జేబు దగ్గరికే పోయాయి. ఏడ్చాను. అందరితో పాటు కూర్చున్నాను. ఎత్తుకుపోయాక లేచి బయలుదేరాను. మావైపు చావింటి నుంచి వచ్చేటప్పుడు పోయొస్తా అని చెప్పకూడదు. ఆ ఇంటికి అలాంటి పనిమీద మళ్ళీ రావాలని కోరుకున్నట్టు అవుతుంది. చెప్పకుండానే, వెనక్కి తిరగకుండానే వచ్చేయాలి. అలాగే వచ్చాను. ఆయన దగ్గరినుంచి నేను అలా వచ్చింది ఆ ఒక్కసారే. ఇన్నాళ్ళూ ఆ మాట నా గొంతులోనే ఉండిపోయింది.

ఆ టూలు కిటికీ ఇంకా తెరమీద నిలబడి ఉంది. నిజంగానే వెళ్ళిపోతున్నారా? అవును, కాదు. ఎదుటి బల్ల దగ్గర ముదలాళి, టూలు ఎలా ఉందో నేను చెబుతానని చూస్తున్నాడు. చావింట్లో చెప్పకూడదు. ఆఫీసులో చెప్పకూడదని ఎవరూ అనలేదు.

“పోయొస్తా మామా,” అన్నాను పైకే. అని, అవును నొక్కాను.

మా ముదలాళికి ఇన్నేళ్ళకు తెలుగులో తెలిసిన మాట అదొక్కటే, ప్రతి చార్టు చివరా చదివీ చదివీ వచ్చింది. ఆయన కాసేపు మెట్లవైపు చూసి, తమిళంలో, “ఈ టూలు మనకొద్దులే,” అన్నాడు.